ముందే రాసుకున్న జవాబు: సర్కెగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాక్ష్యాల కథ

బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో మద్దేడ్ ఉంది. పాలనాపరంగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బస్తర్ ప్రాంతం. అయినా ఇక్కడ గోండీ, దోర్లీ, హిందీతో పాటు తెలుగు మాట కూడా వినిపిస్తుంది. గోదావరి దాటితే తెలంగాణ. ఇదే బీజాపూర్ జిల్లాలో, మద్దేడ్‌కు ఆగ్నేయంగా, బాసగూడ పక్క నుంచి పారే ఏరు కిందికి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టుకు నీళ్లిస్తుంది. ఆ ఏటికి బాసగూడ ఒక వైపు, సర్కెగూడ మరో వైపు.

2012 జూన్ 28 రాత్రి సర్కెగూడ దగ్గర భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారిలో మైనర్లు కూడా ఉన్నారు. మావోయిస్టుల సమావేశంపై దాడి చేశామని, ముందు అటు నుంచే కాల్పులు వచ్చాయని దళాలు చెప్పాయి. రానున్న విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి మూడు ఊళ్ల వాళ్లం కూర్చున్నామని గ్రామస్థులు చెప్పారు. ఆ పండుగను అక్కడ బీజ్ పండుం అంటారు. పండుం అనే మాటకు మన పండుగ దగ్గరి చుట్టమే.

ఒకే రాత్రి, ఒకే చోటు, పొసగని రెండు కథనాలు. ఏది నిజమో తేల్చడానికి విజ్ఞానశాస్త్రం దగ్గర సాధనాలు ఉన్నాయి. వాటిని సమయానికి, సరైన పద్ధతిలో, ఫలితం ఎటు వచ్చినా సరేనన్న సిద్ధతతో వాడారా అన్నదే ప్రశ్న. భారతదేశంలో ఫోరెన్సిక్ రంగం గురించి చర్చ వచ్చినప్పుడల్లా కొత్త యంత్రాలు, కొత్త ప్రయోగశాలల మాటే వినిపిస్తుంది. సర్కెగూడ చూపించే లోపం అంతకంటే ముందు దశలో ఉంది. దర్యాప్తు మొదలయ్యే సరికే జవాబు రాసి పెట్టుకుంటే, ఎంత ఖరీదైన యంత్రమైనా ఆ జవాబుకు ముద్ర వేసే పనికే పరిమితమవుతుంది.

కమిషన్ ఏం తేల్చింది

ఘటన జరిగిన కొద్ది రోజులకే, 2012 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి.కె. అగర్వాల్‌తో న్యాయ విచారణ కమిషన్ వేసింది. ఆ నివేదిక 2019 చివర్లో వెలుగులోకి వచ్చింది. సమావేశంలో ఉన్నవారు మావోయిస్టులని చెప్పడానికి సంతృప్తికరమైన ఆధారం లేదని కమిషన్ తేల్చింది. అటు నుంచి కాల్పులు జరిగినట్టూ రుజువు కాలేదంది.

ఆ నిర్ణయానికి కమిషన్ వచ్చిన దారి విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా పాఠమే. దళాల వైపు ఆరుగురు గాయపడ్డారు. ఎదురుకాల్పులు జరిగాయనడానికి దాన్నే పెద్ద రుజువుగా చూపారు. అయితే పాదం, కాలి వేళ్ల దగ్గర అయిన గాయాలు దూరం నుంచి వచ్చిన కాల్పులకు సరిపోవని కమిషన్ గమనించింది. చీకట్లో సహచరుల తూటాలే తగిలి ఉండాలన్నది దాని అంచనా. దళానికి నాయకత్వం వహించిన అధికారులు తాము ఒక్క తూటా కూడా కాల్చలేదని చెప్పడాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఎదుటి నుంచి నిజంగా తూటాలు దూసుకొస్తుంటే అలా ఉండగలరా అన్నది అందులోని తర్కం. మృతుల్లో కొందరిని దగ్గరి నుంచి కాల్చారని, కొందరి ఒంటి మీద తూటా గాయాలు కాక కొట్టిన దెబ్బలూ ఉన్నాయని, ఒకరిని కాల్పులు ముగిసిన కొన్ని గంటల తర్వాత, మర్నాడు ఉదయం చంపారని నివేదిక పేర్కొంది. ఘటనాస్థలిలో దొరికాయన్న వస్తువుల స్వాధీనం నమ్మదగినట్టు లేదని, దర్యాప్తులో తారుమారు జరిగిన సూచనలు స్పష్టంగా ఉన్నాయని కూడా అంది.

ఇది న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వచ్చే నివేదికకు ప్రభుత్వం కట్టుబడి తీరాలన్న నియమం లేదు. దాని ఆధారంగా ఎవరినీ దోషి అనలేం. కానీ పోలీసులు సేకరించిన సాక్ష్యం పోలీసుల కథనాన్నే నిలబెట్టలేకపోయిందని ఒక న్యాయమూర్తి ఏడేళ్ల తర్వాత చెప్పవలసి వచ్చింది. ఆ ఏడేళ్లలో పోయిన భౌతిక సాక్ష్యం ఇక తిరిగి రాదు.

తూటా చెప్పగలిగిన సంగతులు

తుపాకి పేలినప్పుడు గొట్టం నుంచి తూటా ఒక్కటే బయటికి రాదు. వేడి వాయువు, మసి, పూర్తిగా కాలని మందు రేణువులు కూడా వస్తాయి. తేలికైన మసి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. కాలని రేణువులు కాస్త ముందుకు వెళ్లి చర్మంలో సన్నటి చుక్కల్లా గుచ్చుకుంటాయి. ఆ దూరం కూడా దాటితే తూటా రంధ్రం తప్ప మరేమీ మిగలదు. గాయం చుట్టూ మసి ఉందా, చుక్కలు ఉన్నాయా, ఏదీ లేదా అన్నదాన్ని బట్టి ఎంత దగ్గరి నుంచి కాల్చారో అంచనా వేస్తారు. అదే తుపాకి, అదే రకం తూటాలతో వేర్వేరు దూరాల నుంచి కాల్చి పోల్చి చూస్తే అంచనా మరింత గట్టిపడుతుంది. ఇందుకు మృతుల బట్టలు కావాలి. వాటిని ఆరబెట్టి, విడివిడిగా కాగితం సంచుల్లో పెట్టాలి. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో మూటగడితే బూజు పట్టి సాక్ష్యం పాడవుతుంది. జూన్ నెలాఖరు వానల్లో ఇది మరీ ముఖ్యం.

ఎవరి తుపాకి అన్నది తర్వాతి ప్రశ్న. సైనిక రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. వాటి గుండా దూసుకెళ్లే తూటా మీద గీతలు పడతాయి. అడవి పల్లెల్లో కనిపించే నాటు తుపాకి, అంటే భర్మార్, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాన్ని మూతి నుంచి మందు, రవ్వలు కూరి పేలుస్తారు. ఈ రెండింటి గాయాలను, శరీరంలో దొరికే లోహపు ముక్కలను చూసి తేడా చెప్పడం నిపుణులకు అసాధ్యమేమీ కాదు. దొరికింది రైఫిల్ తూటా అయితే, ఆ రాత్రి వాడిన ప్రతి రైఫిల్‌తోనూ ప్రయోగశాలలో పరీక్షగా కాల్చి గీతలు పోల్చవచ్చు. గాయపడిన జవానుకు తగిలింది తోటి జవాను తూటాయా, ఎదుటివాడి తూటాయా అన్నది ఇలా తేలాల్సిన విషయం. కాల్పులు జరిపిన తుపాకులన్నీ వెంటనే సీలు చేసి ప్రయోగశాలకు అప్పగిస్తేనే అది కుదురుతుంది.

చేతుల మీది అవశేషాలది మూడో దారి. ఆధునిక తూటా వెనుక ఉండే ప్రైమర్ పేలినప్పుడు సాధారణంగా సీసం, బేరియం, యాంటిమొనీ కలిసిన అతి సూక్ష్మ రేణువులు పుట్టి కాల్చినవారి చేతికి అంటుకుంటాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వాటిని గుర్తిస్తారు. నాటు తుపాకిలో వాడే నల్లమందు పొటాషియం నైట్రేటు, గంధకం, బొగ్గుల మిశ్రమం కాబట్టి దాని ఆనవాళ్లు వేరుగా ఉంటాయి. బతికున్న మనిషి చేతి మీద ఈ రేణువులు కొద్ది గంటలే నిలుస్తాయి. చేయి కడిగినా, తుడుచుకున్నా పోతాయి. చనిపోయినవారి చేతులను కదిలించకుండా వెంటనే కాగితం సంచులు కడితే ఇంకాస్త ఎక్కువ సేపు దక్కుతాయి. వారు కాల్పులు జరిపారన్నది ప్రభుత్వ వాదన అయితే, దాన్ని బలపరిచే పరీక్ష ఇది. తప్పని తేల్చగలిగేదీ ఇదే. ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. కాల్పులు జరిగిన చోట పక్కన ఉన్నా, తుపాకి పట్టిన చేయి తగిలినా రేణువులు అంటుకోవచ్చు. అందుకే పరీక్ష ఫలితంతో పాటు నమూనా ఎప్పుడు, ఎవరు, ఎలా తీశారన్నదీ నమోదు కావాలి.

ఇక్కడే సీలు ప్రసక్తి వస్తుంది. సంచి మీద లక్క ముద్ర చాలామందికి కచేరీ తంతులా కనిపిస్తుంది. భౌతిక ప్రయోగశాలలో పరికరం క్రమాంకనం ఎలాంటిదో, సాక్ష్యానికి సీలు అలాంటిది. క్రమాంకనం లేని థర్మామీటరు 40 డిగ్రీలు చూపిస్తే అది 40 అని ఎవరూ నమ్మరు. సీలు లేని సంచిలోంచి తూటా బయటికి వస్తే అది ఆ శరీరంలోంచి వచ్చిందని నమ్మడానికీ కారణం ఉండదు.

అనుమానం ఎలా సాక్ష్యంగా మారుతుంది

దర్యాప్తు అధికారులంతా కావాలని అబద్ధం చెబుతారన్నది ఈ వాదన కాదు. 2010 ఏప్రిల్‌లో పొరుగున ఉన్న అప్పటి దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ల తర్వాత అదే అడవిలో రాత్రిపూట నడిచే జవానుకు ప్రతి అలికిడీ శత్రువు అలికిడే అనిపిస్తుంది. ఆ భయం అబద్ధం కాదు. దాన్ని మర్నాడు కాగితం మీద సాక్ష్యంగా మార్చుకున్నప్పుడే సమస్య మొదలవుతుంది.

మనసు చేసే ఈ పనిని శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాక, దొరికిన ఒక వేలిముద్ర అమెరికాలోని ఓరెగాన్ న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. అది వేరే వ్యక్తిదని స్పెయిన్ పోలీసులు కనుగొన్న తర్వాత ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత ఇటియెల్ డ్రోర్ బృందం ఒక ప్రయోగం చేసి 2006లో ప్రచురించింది. ఐదుగురు వేలిముద్రల నిపుణులకు, గతంలో వారే సరిపోయాయని చెప్పిన ముద్రలను మళ్లీ చూపించారు. అయితే అవి మాడ్రిడ్ కేసులో పొరపాటు పడిన ముద్రలని చెప్పారు. ఐదుగురిలో నలుగురు తమ పాత నిర్ణయం మార్చుకున్నారు. ముద్రలు మారలేదు, వాటి గురించి చెప్పిన మాట మారింది.

వేలిముద్రల నిపుణులకే ఇలా జరిగితే, ఊరి పేరు వినగానే ఇది మావోయిస్టుల ఊరు అనుకునే దర్యాప్తులో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. ఉదాహరణకు ఒక ఇంట్లో నాటు తుపాకి దొరికిందనుకుందాం. ఇంట్లోవాళ్లు మావోయిస్టులైతే ఇది దొరికే అవకాశం ఎంత అని దర్యాప్తు అడుగుతుంది. ఇంట్లోవాళ్లు కాకపోతే దొరికే అవకాశం ఎంత అన్నది శాస్త్రం అడిగే రెండో ప్రశ్న. వేట కోసం అలాంటి తుపాకులు ఉంచుకునే అలవాటు ఉన్న అడవి ప్రాంతంలో ఈ రెండు అవకాశాల మధ్య తేడా పెద్దగా ఉండకపోవచ్చు. అప్పుడు ఆ తుపాకి నిరూపించేది చాలా తక్కువ. రెండో ప్రశ్న అడగని దర్యాప్తుకు మాత్రం అదే తిరుగులేని రుజువు.

ముద్ర వేయడం ఒక పక్షానికే పరిమితం కాదు. బాసగూడ ప్రాంతంలో పనిచేసిన ఒక విలేకరిని 2008లో పోలీసులు మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ అరెస్టు చేశారు. 2013 డిసెంబరులో అదే మనిషిని మావోయిస్టులు పోలీసుల మనిషి అన్న ముద్రతో చంపారు. సాక్షి రెండు వైపులా భయపడే ఇలాంటి చోట నోటి సాక్ష్యం ఎటైనా వంగవచ్చు. పైగా దోర్లీలోనో గోండీలోనో చెప్పిన మాట హిందీలోకి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి మారి కాగితమెక్కుతుంది. అనువాదం జరిగిన ప్రతిసారీ కొంత అర్థం జారిపోతుంది. మనుషుల మాట ఇంత బలహీనంగా ఉన్న చోటే భౌతిక సాక్ష్యాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. జరిగింది అందుకు విరుద్ధం.

అడవి లేని చోట కూడా

ఇది సంఘర్షణ ప్రాంతానికే పరిమితమైన జబ్బు అనుకుంటే పొరపాటు. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని తాను ఉంటున్న హాస్టల్‌లోనే హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. నిందితుడు ఇతను కాడని, అసలువాళ్లను తప్పించారని విద్యార్థిని తల్లిదండ్రులే మొదటి నుంచి చెబుతూ వచ్చారు. 2010లో విజయవాడ కోర్టు ఆ యువకుడికి శిక్ష వేసింది. డీఎన్ఏ సరిపోయిందన్న వాదన ప్రాసిక్యూషన్ ప్రధాన బలాల్లో ఒకటి. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, దర్యాప్తు తీరును తప్పుపట్టింది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిచిపోయాయి.

డీఎన్ఏ నివేదిక ఉండి కూడా కేసు నిలవకపోవడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. కానీ డీఎన్ఏ పరీక్ష చెప్పేది ఒక్కటే, రెండు నమూనాలు ఒకే వ్యక్తివి కావచ్చునా అన్నది. ఆ నమూనా ఘటనాస్థలికి ఎలా చేరింది, ఎవరి చేతుల మీదుగా ప్రయోగశాలకు వెళ్లింది అన్నవి యంత్రం చెప్పదు. దానికి జవాబు దర్యాప్తు రికార్డులోనే ఉండాలి. ఆ రికార్డు మీద నమ్మకం పోతే పరీక్ష ఎంత కచ్చితమైనదైనా అక్కరకు రాదు.

తర్వాత జరిగింది మరింత విచారకరం. 2018లో హైకోర్టు ఆదేశంతో పునర్విచారణ మొదలైనప్పుడు, విజయవాడ కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు అప్పటికే ధ్వంసమైపోయాయని తేలింది. దర్యాప్తును, ఆ ధ్వంసం సంగతిని కూడా హైకోర్టు సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో, హత్య జరిగి పన్నెండేళ్లు కావస్తుండగా, ఆ విద్యార్థిని అస్థికలను బయటికి తీసి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. భద్రంగా దాచిన పాత నమూనాలు ఉండి ఉంటే కొత్త పద్ధతులతో వాటిని తిరిగి పరీక్షించే వీలుండేది. ఇతర దేశాల్లో దశాబ్దాల నాటి హత్యలు వీడుతున్నది అలాగే. ఒక నిందితుడి మీద కేసు ముగిసిందనుకుని వస్తువులను వదిలించుకోవడం కూడా, జవాబు తెలిసిపోయిందన్న ధీమా నుంచి పుట్టిందే.

ఏం మారాలి

కొన్ని నియమాలు ఇప్పటికే ఉన్నాయి. 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలపై 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఘటనలో పాల్గొన్న బృందంతో సంబంధం లేని సీఐడీ లేదా మరో స్టేషన్ పోలీసులు దర్యాప్తు చేయాలని, శవపరీక్ష ఇద్దరు వైద్యులు చేసి వీడియో తీయాలని, కాల్పులు జరిపినవారి ఆయుధాలను ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలని అవి చెబుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలి. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఉంది. సోదాలు, స్వాధీనాలను వీడియో తీయడమూ తప్పనిసరి చేశారు.

ఇవి మంచి అడుగులే. అయితే మూడు ఖాళీలు మిగిలాయి. మొదటిది సమయం. బీజాపూర్ నుంచి రాయ్‌పూర్‌లోని రాష్ట్ర ప్రయోగశాల 400 కిలోమీటర్లకు పైగా దూరం. చేతి మీది రేణువులు అంతసేపు ఆగవు. ఇలాంటి జిల్లాల్లో నమూనాలు తీయడంలో శిక్షణ పొందిన చిన్న బృందం స్థానికంగానే ఉండాలి. రెండోది సాక్ష్యం నడిచిన దారి. ప్రతి సంచికీ సంఖ్య, ప్రతి వీడియోకూ మార్చితే బయటపడే డిజిటల్ ముద్ర, ప్రతి చేతి మార్పిడికీ సమయం నమోదై, ఆ జాబితా ప్రతివాదికీ మృతుల కుటుంబానికీ అందాలి. కేసు తేలేదాకా, అప్పీళ్లన్నీ ముగిసేదాకా నమూనాలు ధ్వంసం కాకూడదు.

మూడోది అన్నింటికంటే ముఖ్యం, ప్రయోగశాల స్వతంత్రత. రాష్ట్రాల్లో ఫోరెన్సిక్ ప్రయోగశాలలు సాధారణంగా హోంశాఖ కిందే నడుస్తాయి. పోలీసుల మీదే ఆరోపణ వచ్చిన కేసులో పోలీసు శాఖ పంపిన వస్తువును, పోలీసు శాఖ రాసిన కథనంతో సహా, అదే హోంశాఖ ఉద్యోగి పరీక్షిస్తాడు. ప్రయోగశాలలను పోలీసులు, ప్రాసిక్యూటర్ల పెత్తనం నుంచి వేరు చేయాలని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2009లోనే సూచించింది. మనకు నమూనా కోసం అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పునాది వేశారు. ఆ తర్వాత ఏర్పడిన సీడీఎఫ్‌డీ బయోటెక్నాలజీ విభాగం కింద, పోలీసు శాఖతో సంబంధం లేకుండా, కోర్టులకు డీఎన్ఏ పరీక్షలు చేసిపెట్టింది. ఇలాంటి ఏర్పాటు తూటాలకూ, రేణువులకూ ఎందుకు ఉండకూడదు? పరీక్ష చేసేవారికి అవసరమైన వివరాలే ఇచ్చి, నిందితుడెవరు, పోలీసుల అనుమానం ఏమిటి అన్నవి నిర్ణయం రాసిన తర్వాతే చెప్పే పద్ధతి పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మందుపాతరలున్న అడవిలో సంచులకు సీళ్లు వేస్తూ కూర్చోవడం సాధ్యమా అని భద్రతా దళాలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఎడెస్‌మెట్టలో ఉంది. 2013 మేలో ఇదే జిల్లాలోని ఆ ఊళ్లో, మళ్లీ విత్తనాల పండుగ వేళే, కాల్పుల్లో ఎనిమిది మంది గ్రామస్థులతో పాటు ఒక కోబ్రా జవాను కూడా చనిపోయాడు. దళాలు కంగారులో కాల్పులు జరిపి ఉండవచ్చని, మృతులు మావోయిస్టులని చెప్పే ఆధారం లేదని అదే జస్టిస్ అగర్వాల్ కమిషన్ చెప్పింది. 2019లో సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది. ఆ జవాను ఎవరి తూటాకు చనిపోయాడో తెలుసుకునే హక్కు అతని కుటుంబానికీ ఉంది. సీలు వేసిన సంచి వారికీ అవసరమే. ఎదుటి నుంచి నిజంగా కాల్పులు వచ్చిన రోజున జవాన్లను తప్పుడు ఆరోపణ నుంచి కాపాడేదీ ఆ సంచే.

సర్కెగూడలో 17 మంది మరణానికి బాధ్యులెవరో, ఇబ్రహీంపట్నంలో ఆ విద్యార్థినిని చంపిందెవరో న్యాయస్థానంలో నేటికీ రుజువు కాలేదు. ఆ రెండు చోట్లా పోగొట్టుకున్న సాక్ష్యాన్ని ఇక ఏ యంత్రమూ తెచ్చివ్వలేదు. మద్దేడ్ దారిలోనైనా విజయవాడ దారిలోనైనా రేపు మరో శవం దొరికినప్పుడు మొదటి గంటలో అక్కడికి ఎవరు వెళతారు, ఏం సేకరిస్తారు, ఎవరికి అప్పగిస్తారు అన్నది మాత్రం ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు.